మునిరత్నం గారి లాగిన్

రాత్రి రెండూ నలభై ఏడుకి
మునిరత్నం గారు లోపలికొచ్చారు.

అంబత్తూరు ఎస్టేట్‌లో పంపుల కంపెనీ మేడ మీద,
ఏసీ నీళ్లు బకెట్లోకి చుక్కచుక్కగా కారే గదిలో
లాగ్ చదువుతున్నాను.
ఉద్యోగంలో చేరిన పదకొండో రోజు.
చదవమని ఎవరూ చెప్పలేదు.
రోజుకి ఎనభై వేల పంక్తులు,
కథ లేదు, వేళలూ పేర్లూ తప్ప.

పొద్దున్నే స్టోర్స్‌కి దిగి అడిగాను:
"మునిరత్నం గారంటే ఎవరండీ?
రాత్రుళ్లు పనిచేస్తున్నారా?"
పళనివేలు చెవి మీది పెన్సిల్ తీసి
కాసేపు దాన్నే చూశాడు.
"ఆయన పోయి మూడేళ్లయింది మేడం.
పాడి ఫ్లైఓవర్ దిగేచోట. వాన."

జీతం ఆ నెలలోనే ఆపేశారట.
రిజిస్టర్లో ఎర్ర గీత కొట్టారు.
స్కూటర్ షెడ్డులో ఆయన చోటు ఇంకొకరికిచ్చారు.
యంత్రానికి మాత్రం కబురు పెట్టినవాళ్లు లేరు.
దాని లెక్కలో ఆయన ఇంకా స్టోర్స్ సూపర్‌వైజరే;
ఎప్పుడో ఆడిట్ హడావుడిలో ఒక్క పూటకని ఇచ్చి
వెనక్కి అడగడం మరిచిన
పెద్ద తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉంది.

కింద రిసెప్షన్ పక్కన, అద్దాల బీరువాలో
పద్దెనిమిది లక్షల ఫైర్‌వాల్.
ఆయుధపూజకి దానికి గంధం పూసి బొట్టు పెట్టారు,
గుమ్మంలో గుమ్మడికాయ పగలగొట్టారు.
వచ్చినవాళ్లందరికీ ఎండీ గారు చూపిస్తారు
ఆ పచ్చ దీపాలు.
పాపం, వాటినని ఏం లాభం?
పేరు సరిగ్గా ఉంది, పాస్‌వర్డ్ సరిగ్గా ఉంది.
దయచేయండి మునిరత్నం గారూ, అన్నాయి.

దొంగ గోడ దూకలేదు.
పోయినవాడి చొక్కా తొడుక్కుని
ముందు వాకిట్లోంచే వచ్చాడు.
మూడు రాత్రుళ్లు వచ్చాడు. ఏమీ ముట్టుకోలేదు.
పెళ్లిచూపులకొచ్చినట్టు
గదులన్నీ చూసి వెళ్లాడు.

నాకంటే ముందున్నాయన ఒక చీటీ అంటించి పోయాడు:
"బ్యాకప్ రోజూ అవుతుంది."
అవుతుంది, నిజమే.
తెరిచి చూస్తే ఆగస్టు నుంచీ
ఖాళీ డబ్బాలకి రోజూ మూత పెడుతోంది.
ఆ వేళ మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు.

ఖాతా మూసేముందు ఆయన ఫోల్డర్ తెరిచాను.
దొంగ ఏమేం చూశాడో తెలియాలిగా.
ఫోటోల్లేవు, ఉత్తరాల్లేవు.
ఒక్క పట్టిక, పద్నాలుగేళ్లది.
ఏ గది తాళం ఎవరు తీసుకున్నారు,
ఎన్ని గంటలకి,
చివరి గడిలో: తిరిగి వచ్చింది.
తిరిగి వచ్చింది. తిరిగి వచ్చింది.
ఒకచోట మాత్రం కాస్త కోపంగా:
"సెల్వకుమార్ ఇంటికి తీసుకుపోయాడు.
ఆవడి దాకా బస్సెక్కి వెళ్లి తెచ్చాను."

ఒక్క తాళం కోసం ఆవడి దాకా.

ఖాతా చెరపలేదు, మూశాను.
చెరిపితే దొంగ అడుగుల జాడ కూడా పోతుంది.
పెద్ద తాళంచెవి తీసేశాను.
తర్వాత, అది నా పని కాకపోయినా,
ఆయన పట్టికలో అడుగున ఒక వరస చేర్చాను:
మునిరత్నం. లాగిన్. ఇచ్చిన తేదీ తెలియదు.
చివరి గడిలో ఆయన మాటే రాశాను.

ఇంకా నలభై ఒక్క పేర్లున్నాయి.
మానేసినవాళ్లు, రిటైరైనవాళ్లు,
మూడు నెలలుండి పోయిన ట్రైనీలు,
ఎవరో ఎవరికీ గుర్తులేని "టెస్ట్ రెండు".
పళనివేలుని పక్కన కూర్చోబెట్టుకుని
ఒక్కొక్కరి సంగతీ అడుగుతున్నాను.
అతను ఒక్కోసారి నవ్వుతాడు,
ఒక్కోసారి పెన్సిల్ వైపు చూస్తాడు.

ఆ రాత్రి రెండూ నలభై ఏడుకి మేలుకునే ఉన్నాను.
తట్టాడు. తప్పు.
మళ్లీ తట్టాడు. తప్పు.
అయిదోసారి తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

బకెట్ నిండింది.
వెళ్లి పారబోసొచ్చాను.